థేమ్స్‌ కింద సొరంగం

1858 వేసవి. థేమ్స్‌ కంపు భరించలేక లండన్‌ పార్లమెంటు కిటికీ తెరలను బ్లీచింగ్‌ పౌడర్‌ నీళ్లలో తడిపి వేలాడదీశారు. ముక్కుదాకా వస్తేగానీ పాలకులు కదలరు మరి! ఇంజినీరు జోసెఫ్‌ బజల్‌జెట్‌ భారీ భూగర్భ కాలువలు కట్టించాడు. వాననీరూ, మరుగుదొడ్ల నీరూ వాటిలో కలిసే వెళ్తాయి. అవి నిండితే మురుగు ఇళ్లలోకి ఎదురుతన్నకుండా నదిలోకి దారి వదిలారు. జనం పెరిగాక చిన్న వానకే ఆ దారులు పొంగసాగాయి. (మన మూసీకి మురుగు చేరడానికైతే వాన కూడా అక్కర్లేదు!) చివరికి 7.2 మీటర్ల వెడల్పుతో 25 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. 2025 ఫిబ్రవరి నాటికి 21 చోట్ల మురుగు దారులను దానికి కలిపారు. పొంగిన నీరు అందులో ఆగి, బెక్టన్‌ శుద్ధి కేంద్రానికి చేరుతుంది. కుండపోత కురిస్తే ఇప్పటికీ కొంత నదిపాలే. ఖర్చు మాత్రం ప్రతి ఇంటి బిల్లులోనూ కనిపిస్తోంది.