ఇంటి పనికి పర్మిట్ ఎవరిస్తారు?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేము మాత్రం రచ్చ గెలిచి, ఇంట ఓడిపోబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాము. ఆ ముచ్చటను సహోద్యోగ మిత్రులతో పంచుకోవాలనే ఈ వ్యాసం. ఇందులో 'మేము' అంటే ఇద్దరము. ఒకరు మీ అందరిలాగే మూడు దశాబ్దాలుగా ఈ సంస్థలో యంత్రాల నిర్వహణ చూస్తున్న ఇంజనీరు. రెండవవారు ఆయన మేనమామ కుమారుడు. వరసకు బావ, వృత్తికి రైతు. పొరపాటు ఎవరిదో చెప్పవలసిన చోట దాచకుండా చెబుతాము. మిగిలినదంతా ఉమ్మడి ఖాతా.

మా ఊరు నరసరావుపేట ప్రాంతంలో నాగార్జునసాగర్ కుడికాలువ ఆయకట్టులో ఉన్నది. 1967లో కాలువలకు నీరు వదిలిన నాటినుండి ఆ ప్రాంతపు రైతులకు ఒక కొత్త సమస్య ఎదురయినది. తరతరాలుగా వర్షాధారమైన మెట్టచేలు మాగాణి కావాలంటే ముందు నేల చదును కావాలి. ఎత్తుపల్లాల పొలంలో నీరు సమంగా పారదు, మడిలో సమంగా నిలవదు. ఎడ్లకూ పలుగుపారలకూ ఏళ్ళు పట్టే ఆ పనిని వారాలలో ముగించడానికి మా మేనమామగారు ఒక వేలంలో పాత క్రాలర్ ట్రాక్టరును కొన్నారు. ఊరివారు దానిని 'చైను ట్రాక్టరు' అన్నారు. కంపెనీవారు పెట్టిన పేరు కాటర్‌పిల్లర్ డి2.

ఈ జాతి యంత్రాలకు ఘనమైన చరిత్ర కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాక్‌టన్ పట్టణ పరిసరాలలోని మెత్తని నేలల్లో చక్రాల ట్రాక్టర్లు దిగబడిపోయేవి. బెంజమిన్ హోల్ట్ చక్రాల స్థానంలో గొలుసు పట్టాలు అమర్చి 1904 నవంబరులో పరీక్షించారు. బరువు విశాలమైన పట్టా మీద పరచుకోవడం వలన నేలపై ఒత్తిడి తగ్గినది, యంత్రం దిగబడలేదు. 1925లో హోల్ట్, బెస్ట్ కంపెనీలు విలీనమై కాటర్‌పిల్లర్ సంస్థ ఏర్పడినది. బూడిదరంగులో వచ్చే ఆ యంత్రాలు 1931 డిసెంబరు నుండి పసుపురంగు వేసుకున్నాయి. మన దేశంలో స్వాతంత్ర్యానంతరం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ ఇటువంటి భారీ ట్రాక్టర్లతోనే మధ్య భారతంలో రెల్లుగడ్డి ఆక్రమించిన బీడు భూములను లోతుగా దున్నించి సాగులోకి తెచ్చినది. 1949లో ప్రపంచ బ్యాంకు మనకిచ్చిన కోటి డాలర్ల వ్యవసాయ యంత్రాల ఋణం ఆ పనికోసమే. తరువాత 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ ఏర్పడి, కోలారు బంగారు గనుల ప్రాంతంలో బుల్డోజర్లు తయారుచేయడంతో ప్రభుత్వ రంగం ఈ విద్యను కూడా తన సొంతం చేసుకున్నది.

మా ట్రాక్టరు 1980ల నడుమ వరకు పనిచేసి, ఒకనాడు ఆగి, వేపచెట్టు కింద నిలిచిపోయినది. మేనమామగారు కాలం చేశారు. పాత ఇనుము వ్యాపారులు ఏటేటా వచ్చి కిలో లెక్కన ధర చెప్పేవారు. అత్తయ్యగారు ఏటేటా మజ్జిగ ఇచ్చి పంపేవారు. చివరకు దానిని బాగుచేద్దామని మేమే పూనుకున్నాము. సంవత్సరానికి రెండుసార్లు వచ్చే ఆర్జిత సెలవు, సంక్రాంతి పండుగ, బావకు కోతలు ముగిసిన తీరిక, ఇవే మా పనిదినాలు. అలా మూడు సంవత్సరాలు పట్టినది.

గొడ్లచావిడి మాకు వర్క్‌షాపు అయినది. గచ్చు వేయించాము, రైల్వే స్లీపర్లు, చైన్ బ్లాకు, రెండు జాకీలు సమకూర్చాము. మొదటి చిక్కు పానాల దగ్గరే వచ్చినది. బజారులో దొరికేవి మిల్లీమీటరు కొలతలవి; ఈ యంత్రపు నట్లు, బోల్టులు అంగుళాల కొలతలవి. దగ్గరగా ఉన్నదని మిల్లీమీటరు పానా తగిలిస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. అది గ్రహించేలోగా నాలుగు నట్లు పాడుచేశాము. మేనమామగారి దగ్గర హెల్పరుగా చేరి, ఆయన తరువాత ఆపరేటరు అయిన మేస్త్రీగారు ఊళ్ళోనే ఉన్నారు. డెబ్బయి దాటిన వయసు; చెవులు సరిగా వినబడవు. ఆయన ఇంటి అటక మీది నుండి తుప్పు పట్టిన అంగుళాల పానాల సంచి దిగినది. సంచితోపాటు ఆయన కూడా వచ్చి చావిడిలో ఒక స్టూలు మీద స్థిరపడ్డారు.

ఈ ట్రాక్టరుకు ఇంజన్లు రెండు. నాలుగు అంగుళాల బోరు, అయిదు అంగుళాల స్ట్రోకు గల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను అసలుది. దానిని మేల్కొల్పడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను ఉంటుంది. ముందుగా చేతిబలంతో చిన్నదానిని తిప్పి నడిపించాలి. అది పెద్దదానిని తిప్పుతుంది. రెండింటికీ చల్లదనం ఇచ్చే నీరు ఒకటే గనుక చిన్నది వేడెక్కేకొద్దీ పెద్దదీ వేడెక్కుతుంది. చిన్నదాని పొగగొట్టం పెద్దదాని గాలి మార్గంలోనుండి పోతూ లోనికి వెళ్ళే గాలిని కూడా వెచ్చబెడుతుంది. కంప్రెషన్ తగ్గించే మీట ఒకటి ఉన్నది గనుక మొదట భారం లేకుండా తిరిగి, నూనె అంతటా చేరిన పిమ్మట పెద్ద ఇంజను పని అందుకుంటుంది. బ్యాటరీ అవసరం లేకుండా, ఎంత చలిలోనైనా డీజిల్ ఇంజనును నిదానంగా నిద్ర లేపే ఆ ఏర్పాటును చూసి మాలోని ఇంజనీరు ముచ్చటపడ్డారు. తడిసిన కట్టెలకు కింద ఎండుపుల్లలు పెట్టడం వంటిదేనని బావ ఒక్క మాటలో తేల్చేశారు.

తుప్పుతో బిగుసుకున్న పిస్టన్లను కదిలించడానికి అయిదు నెలలు ఓర్పు పట్టాము. సిలిండర్లలో డీజిలు, పలుచని నూనె కలిపి పోసి, సెలవు అయిపోగానే ఉద్యోగానికి వెళ్ళిపోవడం. వారానికొకసారి బావ మళ్ళీ పోయడం. మరో ట్రాక్టరుతో లాగితే ఊడివస్తుందని సలహా ఇచ్చినవారు చాలామంది. లాగితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయని మేస్త్రీగారు ఒప్పుకోలేదు. స్టీరింగ్ క్లచ్చుల పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చునని తెలుసు గనుక గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను మూటకట్టి వేరుగా ఉంచాము. ఇంతవరకు మా ప్రవర్తన మెచ్చుకోదగినదే. కనుకనే ధీమా పెరిగినది.

రెండవ ఏడు సంక్రాంతికి ఎడమవైపు గొలుసు విప్పి పరచి, రోలర్ ఫ్రేమును స్లీపర్ల మీదకు దించాము. ముందుచక్రం వెనుక ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. నడుస్తుండగా గొలుసుకూ పళ్ళచక్రానికీ నడుమ రాయి ఇరుక్కుంటే ముందుచక్రం వెనక్కు జరగాలి. లేకుంటే గొలుసు తెగుతుంది. ఆ దెబ్బను కాచుకునే స్ప్రింగును బిగించేటప్పుడే బాగా అణచి, మధ్యలోనుండి పోయే పొడవైన బోల్టుతో బంధించి ఉంచుతారు. ఆ స్ప్రింగు తీయవలసిన అవసరం నిజానికి మాకు లేదు. లోపలి తుప్పు గోకి రంగు వేయాలనే కోరిక మాత్రమే. బోల్టు మర పొడవుగా ఉన్నది గనుక నట్టును కొద్దికొద్దిగా వదులుచేస్తే స్ప్రింగు నెమ్మదిగా సాగుతుందని ఇంజనీరు తీర్పు చెప్పారు. పానాకు నాలుగడుగుల గొట్టం తగిలించి బలం పట్టారు. ఫ్రేము కదలకుండా బావ సరిగ్గా దాని మూతి ఎదుటే కూర్చున్నారు.

అప్పుడే మేస్త్రీగారు టీ గ్లాసులతో లోనికి వచ్చారు. చెవులు వినబడనివారు గట్టిగా మాట్లాడడం సహజమే గానీ, ఆనాటి కేక వీధి చివరి వరకు వినబడినది. గ్లాసులు కింద పడ్డాయి. బావను భుజం పట్టి పక్కకు లాగివేశారు. కొంతసేపటికి ఆయాసం తగ్గాక ఇంజనీరు వంక చూసి, "బాబుగారూ, మీ ఫ్యాక్టరీలో అయితే దీన్ని ఇట్లాగే విప్పుతారా?" అని అడిగారు.

మావద్ద సమాధానం లేదు. కాలువ పనుల శిబిరంలో ఇటువంటి స్ప్రింగే విప్పబోయి ఒక హెల్పరు కుర్రవాడు ఇంటికి తిరిగి పోలేదని ఆయన చెప్పారు. ఆ కుర్రవాడు ఆయన ఈడువాడట. అంతకు మించి చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాము. స్ప్రింగు మీద అయిదు టన్నుల బలం, ఇరవై సెంటీమీటర్ల అణచివేత అనుకుంటే అందులో దాగిన శక్తి దాదాపు 5,000 జౌళ్ళు. అంటే అరటన్ను బరువును ఒక మీటరు ఎత్తునుండి మనిషి మీద వదలడంతో సమానం. ఈ లెక్క తెలియనిది కాదు. మన కర్మాగారంలో మార్చి 4న జాతీయ భద్రతా దినం నాడు, నిల్వ ఉన్న శక్తి ఎంత ప్రమాదకరమో పటాలు చూపించి ఉపన్యసించినది ఈ ఇంజనీరే. ఇక్కడ అటువంటి పనికి లిఖితపూర్వకమైన పర్మిట్ లేనిదే ఎవరినీ పానా పట్టనివ్వరు. అక్కడ పండుగపూట, సొంత చావిడిలో, సొంత బావను ఎదుట కూర్చోబెట్టి అదే పని చేయబోయారు. తెలియకపోవడం వేరు, తెలిసినదానిని ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలి రావడం వేరు.

మరునాడు మేస్త్రీగారి పర్యవేక్షణలో, నట్టు ముట్టకుండా, ఫ్రేము చుట్టూ మందపాటి గొలుసులు బిగించి, మూతికి ఎదురుగా ఎవరూ నిలవకుండా లారీకి ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్ళాము. ఇనుప పంజరం అమర్చిన హైడ్రాలిక్ ప్రెస్సులో స్ప్రింగును అణచి, భారం తీసివేసిన తరువాత నట్టు విప్పారు. బోల్టు చేతికి వచ్చినది. మర మొదలయ్యే చోట పగులు ఉన్నది. అక్కడ విరిచి చూపించారు. సగానికి పైగా నల్లగా పాత తుప్పు. మిగిలిన చిన్న భాగం మాత్రమే తెల్లగా మెరిసే ఇనుము. నాలుగడుగుల గొట్టంతో మేము బలం పెట్టినది ఆ మిగిలిన భాగం మీద. బావ ఆ ముక్కలను చాలాసేపు చేతిలో పట్టుకుని, ఏమీ అనకుండా జేబులో వేసుకున్నారు.

సంగతి అత్తయ్యగారికి చెప్పకూడదనుకున్నాము. మేస్త్రీగారి కేక విన్న ఊరు దాచనివ్వలేదు. ఆవిడ కోప్పడలేదు. ఒక నోటుపుస్తకం తెప్పించి, ఇకమీద తనకు చెప్పి అందులో రాయనిదే చావిడి తాళం ఇవ్వనన్నారు. అటుపైన ప్రతి ఉదయం అరుగు మీద విచారణ జరిగేది. "ఇవాళ ఏం విప్పుతున్నార్రా? పైకి ఏం ఎత్తుతున్నారు? అది జారితే కింద ఎవరుంటారు? విప్పకపోతే నష్టమేమిటి?" ఎనభై దాటిన, ఏనాడూ ఫ్యాక్టరీ చూడని ఆ ఇల్లాలు అడిగిన నాలుగు ప్రశ్నలలో మన పర్మిట్ పత్రంలోని అంశాలు చాలావరకు ఉన్నాయి. నాలుగవ ప్రశ్న మన పత్రంలో లేదు. మమ్మల్ని ప్రమాదానికి గురిచేయబోయినది సరిగ్గా అదే. జవాబు చెప్పలేక రెండు పనులు మానుకున్నాము. వాటివలన యంత్రానికి ఏ లోటూ రాలేదు.

గొలుసుల పిన్నులు, బుష్షులు ఒకవైపే అరుగుతాయి గనుక వాటిని ప్రెస్సులో తీయించి, అరగనివైపు భారం పడేట్టు తిప్పి బిగించాము. మూడవ ఏడు వేసవిలో అన్నీ కూడాయి. చిన్న ఇంజను మాగ్నెటో మూడు రోజులు మొండికేసి నాలుగవ రోజున నిప్పురవ్వ ఇచ్చినది. చిన్నది నడిచినది, నీరు వేడెక్కినది, మీట వేయగా పెద్ద ఇంజను నల్లని పొగ వదిలి, తడబడి, నాలుగు సిలిండర్లతో అందుకున్నది. శబ్దం వినలేని మేస్త్రీగారు ఇంజను పక్కన అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, "మూడోది కొంచెం వెనకబడింది, వేడెక్కితే సర్దుకుంటుంది" అన్నారు. పది నిమిషాలకు సర్దుకున్నది. అత్తయ్యగారు అరుగు దిగలేదు. బండి ముందు ఎవరూ నిలబడవద్దని అక్కడినుండే కేకవేశారు.

ఇప్పుడా ట్రాక్టరు ఏరువాకకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చావిడి దాటి వస్తుంది. దాని విలువెంత అని అడిగేవారికి చెప్పడానికి మావద్ద అంకె లేదు. విరిగిన బోల్టు సగం ముక్క బావ ఇంట దేవుడి గూటి పక్కన, మిగతా సగం ఇక్కడ మా ఆఫీసు బల్ల మీద ఉన్నవి. మిత్రులారా, మీలో ఎందరో సెలవు రోజున నిచ్చెన ఎక్కి ఫ్యాను బిగిస్తారు, మెయిన్ ఆపకుండా స్విచ్చి విప్పుతారు, స్కూటరు కిందకు దూరతారు. గేటు దాటగానే హెల్మెట్టుతోపాటు తెలివిని కూడా కొక్కానికి తగిలించి పోకండి. ఇంట పర్మిట్ ఇచ్చే అధికారి లేరనుకోవద్దు. అరుగు మీద మీకోసం ఎదురుచూసేవారు ఎవరో వారే ఆ అధికారి. పని మొదలుపెట్టే ముందు వారికి ఒక మాట చెప్పండి.