ముట్టనివాడి రమ్

ఢిల్లీ మెట్రో రెడ్ లైన్ 2019లో ఘాజియాబాద్‌లోకి వచ్చింది. ఆ దారిలో మోహన్ నగర్ అని ఓ స్టేషన్ ఉంది. ఆ పేరు దేవుడిది కాదు, మంత్రిది అంతకన్నా కాదు. 1949లో ఇంగ్లీషు దొరల సారాయి కంపెనీని కొని, తర్వాత ఇక్కడ కర్మాగారాలు పెట్టిన నరేంద్రనాథ్ మోహన్‌ది. ఓల్డ్ మంక్ రమ్ ఆ కుటుంబం సరుకే. 1954లో బజారుకెక్కిన ఆ పొట్టి సీసా, ప్రకటనల హడావిడి లేకుండానే మూడు తరాలకు హాస్టల్ గదుల్లో, సైనికుల మెస్సుల్లో నేస్తమైంది.

అరుదైన మద్యం అనగానే తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది అమెరికా బోర్బన్. దాని చట్టం కఠినం: గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చేయాలి. రంగు, వెనిలా వాసన, పాకం లాంటి తీపి చాలావరకు ఆ కాలిన చెక్క ఇచ్చినవే. మన దేశం 2025 ఫిబ్రవరిలో బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించింది. అయినా పాత సీసా మధ్యతరగతికి అందే ద్రాక్ష కాదు.

ఓల్డ్ మంక్ బెల్లపు మడ్డి నుంచి పుట్టిన రమ్. అయినా దాని గొప్పా చెక్కలోనే ఉంది. ఏడేళ్లు ఓక్‌లో ఉంచామని సీసా చెబుతుంది. చల్లటి స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరవుతుంది. మన ఎండల్లో ఆ నష్టం ఎన్నో రెట్లు. చెక్క సారం కూడా అంతే వేగంగా దిగుతుంది. అందుకే ఇక్కడి ఏడేళ్లను అక్కడి ఏడేళ్లతో కొలవడం తప్పు.

అటక మీద పాత సీసా దొరికినవాడు మరో పొరపాటు పడతాడు. నాన్నగారు కొన్న సీసా నలభై ఏళ్లు ఊరిందని మురిసిపోతాడు. మద్యం పీపాలో ఉన్నంతసేపే పెద్దదవుతుంది. సీసాలోకి దిగిన రోజున దాని వయసు ఆగిపోతుంది. నలభై ఏళ్లు పెరిగింది కొన్నవాడి వయసే. మూత వదులైతే సీసాలోది తగ్గుతుంది కూడా. మరి అరుదు ఎలా అయింది? మిగతావాళ్లంతా తాగేశారు కాబట్టి!

తెరిచాక పద్ధతి ఒకటే. గ్లాసులో కొద్దిగా పోసి, కాసేపు వదిలేయాలి. ముందు వాసన, తర్వాత చుక్క, ఆపైన రెండు చుక్కల నీళ్లు. నీళ్లు పడగానే ఘాటు తగ్గి దాగిన వాసనలు బయటికొస్తాయి. కోలా కలిపి గటగటా తాగేవాడికి ఇదంతా చాదస్తం. రుచి చూసేవాడికి మాత్రం తొందరే శత్రువు.

తెలుగువాడికి ఈ ఆనందం ఓ ఇబ్బందితోనే వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993లో సారాపై నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలింది. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతే పిల్లలకు గంజి లేకపోవడమే ఆ తల్లుల బాధ. సారాకు వయసూ లేదు, వాసన చూసే తీరికా లేదు. రుచి అనే మాట డబ్బున్నవాడి మద్యానికి మర్యాద తెచ్చింది. కాలేయానికి మాత్రం ఆ తేడా తెలియదు.

బహుశా ఈ సంగతి మోహన్ నగర్‌లో ఒకాయనకు బాగా తెలుసు. 1973 నుంచి దశాబ్దాలపాటు కంపెనీని నడిపి, 2010లో పద్మశ్రీ అందుకున్న బ్రిగేడియర్ కపిల్ మోహన్ మద్యం ముట్టరని ప్రసిద్ధి. 2018 జనవరిలో 88వ ఏట ఆయన కన్నుమూస్తే, దేశమంతటా అభిమానులు గ్లాసులెత్తి నివాళి అర్పించారు. దేశానికి రమ్ రుచి మప్పినాయన తన వరకు నీళ్లతోనే సరిపెట్టుకున్నాడు.