వేడి మీద తీసిన కొలత

శనివారాలు గరాజ్‌లో బీరు కాస్తుంటాను (మా అమ్మకి చెప్పకండేం!). బార్లీ మొలకల నుంచి దింపిన తీపి కషాయంలో చక్కెర ఎంతుందో హైడ్రోమీటరు చెబుతుంది. మొదటిసారి 1.050 రావాల్సింది 1.044 చూపించింది. పంచదార పోయబోతూ, ఎందుకో ఆగి దాంతో వచ్చిన కాగితం చదివాను. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే దాని లెక్క సరైనదట. నా కషాయం 100 డిగ్రీలుంది! వేడికి ద్రవం పలచబడి, గాజు గొట్టం ఇంకాస్త మునుగుతుంది. 0.006 కలిపితే సరిగ్గా 1.050. అనుమానం తీరక 60 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్లోనూ ముంచి చూశా. 1.000. పాపం, దాని తప్పేం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మ. నా చిన్నప్పుడు, గేదె పాలు పితికి అలాగే పాలకేంద్రానికి తీసుకెళ్తే, లాక్టోమీటరు ముంచి "నీళ్ళు కలిపావు" అన్నారు, అందరి ముందూ. పాలు అక్కడే పారబోసి వచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

లాక్టోమీటరూ హైడ్రోమీటరే. పొదుగు వేడీ దాదాపు 100 డిగ్రీలే.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, బీరు సంగతి తప్ప. కాసేపు మాట్లాడలేదు. "మేమూ కలిపిందనే అనుకున్నాంరా" అన్నారు.