కొలోన్ చర్చి, మా ఇంటి ఊచలు

2008 మే నెల. జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న రోజులు. ఒక శనివారం పదింటికి లేచి, బట్టలు ఉతకాలా వద్దా అని తీవ్రంగా ఆలోచిస్తుంటే మా రూమ్మేట్ "ఒరేయ్, కొలోన్ పోదాం పద" అన్నాడు. ఆఖెన్ నుంచి గంట ప్రయాణం. సెమిస్టర్ టికెట్ ఉంది కాబట్టి రైలు ఖర్చు లేదు. రాత్రి మిగిలిన పులిహోర డబ్బాలో సర్దుకుని బయల్దేరాం.

కొలోన్‌లో చర్చిని వెతుక్కోనక్కర్లేదు. స్టేషన్ బయట అడుగుపెడితే ఎదురుగా అదే. నల్లబడిన రాయి, 157 మీటర్ల ఎత్తున రెండు శిఖరాలు. ఎంత వెనక్కి నడిచినా నా డొక్కు కెమెరాలో పట్టలేదు. సరే అని ఓ పక్కన కూర్చుని, పులిహోర తింటూ గైడు పుస్తకం తిరగేశాను.

శంకుస్థాపన 1248లో. తారీఖు ఆగస్టు 15, మనకి బాగా తెలిసినదే :) పూర్తయింది 1880లో. అంటే 632 ఏళ్ళు! మధ్యలో పదహారో శతాబ్దంలో, డబ్బులు చాలక, పట్టించుకునేవాళ్ళు లేక పని ఆగిపోయింది. సగం లేచిన దక్షిణ గోపురం మీద రాళ్ళెత్తే చెక్క క్రేను అలాగే వదిలేశారు. అది 1868 దాకా, దాదాపు నాలుగొందల ఏళ్ళు, అక్కడే ఉంది. ఊరి పాత బొమ్మల్లో చర్చి అంటే ఆ క్రేనే.

ఇంకా విచిత్రం ఏంటంటే, ముందుభాగం నక్షా కూడా పోయింది. నాలుగు మీటర్లకు పైగా పొడవున్న తోలు మీద గీసింది. 1814లో ఒక ముక్క డార్మ్‌స్టాట్‌లో, 1816లో రెండో ముక్క పారిస్‌లో దొరికాయి. 1842లో మళ్ళీ పని మొదలుపెట్టినవాళ్ళు ఆ అయిదొందల ఏళ్ళ నాటి డిజైన్ డాక్యుమెంట్ ప్రకారమే కట్టుకుపోయారు. ఆర్నెల్ల క్రితం నేనే రాసిన కోడు చూసి "ఇదెవడు రాశాడ్రా బాబూ" అనుకునే నాకు కళ్ళు తిరిగాయి.

తర్వాత నిజంగానే కళ్ళు తిరిగాయి. దక్షిణ గోపురానికి 533 మెట్లు. ఇరుకు మెట్లు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వాటి మీదే. పైన ఆయాసపడుతూ రైన్ నదిని చూస్తుంటే, ఆ క్రేను గుర్తొచ్చి, దాని వెనకే మా ఇల్లు గుర్తొచ్చింది.

మా ఊళ్ళో మా ఇంటి స్లాబ్ మీద స్తంభాలకి ఊచలు పైకి పొడుచుకుని ఉండేవి, రేపో మాపో పైఅంతస్తు వేస్తామని. నాన్న ఏటా వాటికి సిమెంటు పాలు పూయించేవారు, తుప్పు పట్టకుండా. ఆ మేడ కోసం దాచిన డబ్బే నా జర్మనీ ఖర్చులకి పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మర్నాడు కాలింగ్ కార్డుతో ఫోన్ చేసి చర్చి కథంతా చెప్పాను. శిఖరాలు, నక్షా ఆయనకి పట్టలేదు. "మధ్యలో ఆపేస్తే మరి పూజలు ఎక్కడ చేసుకున్నార్రా?" అనడిగారు. మంచి ప్రశ్నే. గర్భగుడి భాగం 1322 నాటికే పూర్తయింది, దానికి అడ్డంగా ఓ గోడ కట్టేసి లోపల ప్రార్థనలు చేసుకున్నారు, ఆ తాత్కాలికపు గోడ 1863 దాకా ఉందట అని చెప్పాను.

"అంతే కదా. మనం కింద ఉండట్లా?" అన్నారు నాన్న.

కార్డులో నిమిషాలు ఇంకా ఉన్నాయి గానీ, ఏం మాట్లాడాలో తెలీక "ఉంటాను నాన్నా" అని పెట్టేశాను.

ఉద్యోగం వచ్చాక, 2013లో పైఅంతస్తు వేయించాం. స్లాబ్ పోసిన వారానికి వెళ్ళి చూస్తే స్తంభాల మీద మళ్ళీ ఊచలు పైకి వదిలేసి ఉన్నాయి.

"ఇంకా ఇవెందుకు నాన్నా?" అన్నాను.

"నీ కొడుకు చూసుకుంటాళ్ళే" అన్నారు. అప్పటికి నాకింకా పెళ్ళి కూడా కాలేదు!