సాంచా చెప్పిన సంగతి

సూరత్ నగరానికీ వ్యాసరచనకూ పాత చుట్టరికమున్నది. 1833లో ఇక్కడ జన్మించిన నర్మద్, ఇరవై యేళ్ళయినా నిండకముందే, 1851లో, మనుషులు సంఘంగా కూడడంవల్ల కలిగే లాభాలను గూర్చి చేసిన ప్రసంగం గుజరాతీలో వెలసిన తొలి వ్యాసాలలో ఒకటి. ఇక్కడి విశ్వవిద్యాలయం 2004 నుండి ఆయన పేరు ధరించింది. అట్టి ఊరిలో ఒక కళాశాలవారు న్యాయశాస్త్రం, రాజకీయం, కళ అనే మూడింటినీ కలిపి డిగ్రీ విద్యార్థులకు వ్యాసపోటీ నిర్వహించడం వింత కాదు. మాతృభాషలో వ్రాయనివ్వడమే విశేషం. తెలుగు వ్యాసాలను ఇంగ్లీషులోనికి అనువదించే పని నాకు అప్పగించారు.

వచ్చినవి మూడే. రెండింటిలో పాఠ్యపుస్తకాలే మాట్లాడినవి. మూడవది ఒక నేత కార్మికుని కుమార్తె వ్రాసినది. ఆమె తాత కరీంనగర్ జిల్లాలో చేనేత చీరలు నేసినవాడు. తండ్రి బ్రతుకుతెరువుకై సూరత్ వచ్చి మరమగ్గం పట్టినవాడు. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించి, మరమగ్గంపై నేయరాదని శాసించే చట్టాన్ని 1985లో పార్లమెంటు చేసింది. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తాతకు గొడుగైన చట్టం తండ్రికి సంకెల కావచ్చునా అన్నది ఆ అమ్మాయి ప్రశ్న.

ఆమె అంతటితో ఆగలేదు. నమోదు కాని నమూనాను యంత్రంపై 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే, దానిపై కాపీరైటు నశిస్తుందని 1957 నాటి చట్టం చెబుతున్నది. “సూరత్ అద్దకపు మిల్లుకు ఏభై ఎంతసేపు? తాత ఊహలోని పువ్వు ఏభై ఒకటవ చీర దగ్గర ఎవరిది?” అని వ్రాసింది.

ఆమె మరమగ్గాన్ని ‘సాంచా’ అన్నది. సిరిసిల్లలోనూ ఆ మాటే వాడుక. గుజరాతీలో యంత్రానికి ‘సంచో’ అని పేరు. ఇంగ్లీషు సాహిత్యం చదివిన నాకు ఆమె ముతక వాక్యాలను నునుపు చేయాలనిపించిన మాట నిజం. కాని ముతక నూలులోనే ఆ బట్టకు బలమున్నది. ‘సాంచా’ను అట్లే ఉంచి, అర్థం ప్రక్కన వివరించాను.

న్యాయనిర్ణేతలకు వ్యాసం నచ్చింది. అయితే ఏ పక్షమూ తేల్చలేదనీ, ముగింపుగా నాలుగు వాక్యాలు చేర్చితే మొదటి బహుమతి ఖాయమనీ ఒకరు నాతో అన్నారు. అనువాదకునికి ఆ అధికారం లేదని చెప్పి, విషయం ఆమెకే తెలిపాను.

“మా ఇంట్లనే ఇంకా తేలలె సార్. కాయితం మీద ఎట్ల తేలుస్త?” అన్నది.

రెండవ బహుమతి వచ్చింది. సభలో ఇంగ్లీషు అనువాదాన్ని చదివారు. వెనుక వరుసలో కూర్చున్న ఆమె తండ్రికి అందులో అర్థమైనది ‘సాంచా’ ఒక్కటే. ఆ మాట వినబడినప్పుడెల్లా ఆయన తల ఎత్తి కూతురి వైపు చూశాడు. సభ ముగిసిన పిదప తెలుగు ప్రతిని అడిగి తీసికొని, మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

చట్టాలను వ్రాసేవారి భాష ఒకటి, వాటి క్రింద బ్రతికేవారి భాష మరొకటి. విద్యార్థుల పోటీలు నిర్వహించే పెద్దలు ఆ రెండవ భాషకు కూడా కొంత చోటు ఇస్తే, న్యాయశాస్త్రం నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది.