చిల్లర బిట్‌కాయిన్లు

బిట్‌కాయిన్‌లో నాకు నచ్చేది ఇదే: పది అడ్రసుల్లో పడి ఉన్న సొమ్మునంతా ఒకే లావాదేవీలో ఊడ్చి ఒక్కచోటికి చేర్చేయొచ్చు. ఈథీరియంలో మామూలు వాలెట్‌కి ఆ సుఖం లేదు. ఏ అడ్రసుకా అడ్రసు విడిగా పంపాలి, విడిగా గ్యాస్ (లావాదేవీ ఫీజు) కట్టాలి.

బిట్‌కాయిన్ ఫీజు లెక్కే తమాషా. ఎంత సొమ్ము పంపుతున్నారో నెట్‌వర్క్‌కి అనవసరం, లావాదేవీ ఎన్ని బైట్లుందన్నదే ముఖ్యం. 1 అంకెతో మొదలయ్యే పాత అడ్రసుకి వచ్చిన ఒక్కో ముక్కనీ కదపడానికి సుమారు 148 బైట్లు కావాలి. బీసీ1క్యూతో మొదలయ్యే మామూలు అడ్రసులవాటికి సుమారు 68 వర్చువల్ బైట్లు (ఫీజు లెక్కకి వాడే సైజు) చాలు. ముక్క చిన్నదై, రద్దీ ఎక్కువైతే దాని విలువ కన్నా ఫీజే ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో హాల్వింగ్ (మైనర్లకిచ్చే కొత్త నాణేలు సగమయ్యే ఘట్టం) రోజు ఆకాశాన్నంటిన ఫీజులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు!

అసలు చిక్కు వేరే ఉంది. అన్నీ కలిపి పంపారంటే ఆ అడ్రసులన్నీ ఒక్కరివేనని చాటింపు వేసినట్టే. ఈ సంగతి బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి 2008 నాటి పత్రంలోనే రాశాడు.

కలపాలనుకుంటే ఫీజులు పడిపోయినప్పుడే కలపండి. గుట్టుగా ఉంచాలనుకున్న ముక్కల్ని మాత్రం మిగతావాటితో కలపకండి.