ఫిల్ము చేసిన పెద్దాయనకు సినిమా చూపుట

సినిమా చూడని మనిషి ఈ కాలమున ఉండునా యని సంశయించువారికి, అట్టివారొకరు మా ఇంటికి రెండిండ్ల ఆవల నివసించుచున్నారనియు, అందును ఆయన తన యౌవనమంతయు సినిమా ఫిల్మును తయారుచేయు కర్మాగారముననే గడపినారనియు చెప్పినచో నమ్మకము కలుగుట కష్టము. అయినను అది యథార్థము. న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున, ఆంటారియో సరస్సు దక్షిణ తీరమున నున్న మా రోచెస్టరు నగరము జార్జి ఈస్ట్‌మన్ నెలకొల్పిన కొడాక్ సంస్థకు పుట్టినిల్లు. 1888లో ఆయన అంగడికి తెచ్చిన చేతికెమెరా ఛాయాగ్రహణ విద్యను సామాన్యుని ముంగిటికి చేర్చినది. ఆ పిమ్మట ఈ నగరమున తయారైన ఫిల్ము హాలీవుడ్డుకే గాక సముద్రముల కావలి స్టూడియోలకును చేరినది. 1980ల తొలినాళ్లలో ఒక్క రోచెస్టరులోనే దాదాపు అరువదివేలమంది ఆ సంస్థలో పనిచేయుచుండిరి. మా పొరుగు పెద్దాయన వారిలో ఒకరు.

ఆయన పని ఫిల్మునకు పూత పూయు విభాగమున. వెండి లవణములను జెలటిన్‌లో కలిపి, ఆ ద్రవమును పలుచని పారదర్శకమైన పట్టీమీద పొరలు పొరలుగా పూయుదురు. వెలుతురు సోకినచో సరుకంతయు చెడును గనుక ఆ పని చీకటిలో జరుగవలసినదే. గోడవెంబడి చేయి ఆనించి నడచుటయు, ఎదురువచ్చువానిని అడుగుల చప్పుడునుబట్టియో, భుజము తగిలిన తీరునుబట్టియో పోల్చుకొనుటయు అచ్చట నిత్యకృత్యములని ఆయన నాకు చెప్పిరి. ఇక ఆయన పుట్టిపెరిగిన కుటుంబము, నాట్యమును, నాటకశాలను, చీట్లపేకను, సినిమాను ఆత్మకు చేటుగా నెంచిన ఒక క్రైస్తవ సంఘమునకు చెందినది. ఇల్లాలును ఆ సంఘములోని ఆమెయే. ఆమె జీవించియున్నంతకాలము ఆ నియమమును ఆయన మనస్ఫూర్తిగా పాటించినారు. టెలివిజనులో వార్తలు, బేస్‌బాల్ ఆట చూచుట కలదు గాని, ఒక కథాచిత్రమును మొదటినుండి తుదివరకు చూచి యెరుగరు. ఆమె గతించిన కొంతకాలమునకు, ఒక శీతకాలపు ఉదయమున, ఇద్దరమును వాకిట మంచు తవ్వుకొనుచుండగా ఆయన పార నిలిపి, "నా చేతులమీదుగా పోయిన ఫిల్ము చివరికి ఏమైందో ఒకసారి చూడాలని ఉంది. మీరు సినిమాలు బాగా చూస్తారు గదా, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగిరి.

ఆ ప్రశ్న విన్న క్షణమున నాకు కలిగిన సంతోషముతోపాటు ఒక విధమైన భయమును కలిగినది. ఎనుబదేండ్లు దాటిన మనిషి తొలిసారి ఒక కళ వాకిట నిలిచి తలుపు తట్టుచుండగా, ఆ తలుపు తీయు బాధ్యత మనమీద పడినప్పుడు, మనకు ఇష్టమైనదేదో చూపి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. సినిమా తెలిసిన మిత్రులను అడిగితిని. పలువురు ఏకకంఠముతో 'సిటిజన్ కేన్' పేరు చెప్పిరి. 1941లో, ఇంకను ఇరువదియారేండ్లు నిండీ నిండని ఆర్సన్ వెల్స్ లోకమునకు ఒసగిన ఆ చిత్రపు ఘనతను నేను కాదనను. కాని గ్రెగ్ టోలండ్ కెమెరా దగ్గరి వస్తువును దూరపు మనిషిని సమానమైన స్పష్టతతో చూపుటయు, కథ కాలక్రమమును విడిచి ఒక్కొక్కరి జ్ఞాపకముగా విప్పబడుటయు, అన్యచిత్రములు వందలుగా చూచి కంటికి ఒక అలవాటు ఏర్పడినవానికి మాత్రమే విస్మయకరములు. ఏ అలవాటును లేనివానికి ఆ అలవాటును తప్పించిన నేర్పు ఎట్లు గోచరించును? మన పెద్దలు పిల్లవానిచేత మొదట సుమతీశతకమును, వేమన పద్యములను చెప్పించిరి గాని వసుచరిత్రమును ముందుబెట్టలేదు. వసుచరిత్రము తక్కువదై కాదు, దాని శ్లేషలలోని రుచి తెలియుటకు నాలుకకు ముందు పద్యము అలవడవలెను గనుక.

కావున నేను ఎన్నుకొన్న మార్గము వేరు. మహాచిత్రముల పట్టికను ప్రక్కన బెట్టి, ఈ మనిషి ఎవరు, ఏ పని చేసినాడు, ఏమి పోగొట్టుకొన్నాడు అని ఆలోచించి, ఆయన జీవితమునుండి తెరమీదికి దారి ఎచ్చట నున్నదో వెదకితిని. ఆ దారి వెదకుచు పోగా సినిమా పుట్టుక దగ్గరకే చేరితిని.

1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున తమ కర్మాగారపు ద్వారమున కెదురుగా కెమెరా నిలిపి, పని ముగించుకొని ఇండ్లకు పోవు కార్మికులను చిత్రించిరి. ఆ యేడు డిసెంబరు 28వ తేదీన పారిస్‌లోని గ్రాండ్ కఫేలో, రుసుము చెల్లించి వచ్చిన ప్రేక్షకుల యెదుట ప్రదర్శింపబడిన పది చిన్న చిత్రములలో అదియే మొదటిది. నిడివి ఒక నిమిషమైనను ఉండదు. ఆ కర్మాగారమున తయారగునవి ఛాయాగ్రహణపు పలకలు. అనగా వారు గాజుమీద చేసిన పనినే మా పెద్దాయన పట్టీమీద చేసినారు. మా ఇంటి గోడమీద ఆ బొమ్మ వేసి చూపితిని. తలుపులు తెరచుకొనును, పొడవాటి పావడాలు, టోపీలు ధరించిన స్త్రీలు గుంపులుగా వెలువడి కుడియెడమలకు చీలిపోవుదురు, ఒక కుక్క అడ్డముగా పరుగెత్తును, ఒకడు సైకిలుమీద సాగిపోవును. అంతియే. ఆయన ముందుకు వంగి, "మళ్లీ వేయండి" అనిరి. మరల వేసితిని. "చూడండి, ఒక్కరైనా వెనక్కి తిరిగి చూడడం లేదు. షిఫ్టు అయిపోయాక మేమూ అంతే" అనిరి. చలనచిత్ర చరిత్రనుగూర్చి నేను చదివిన గ్రంథములలో ఏ పండితుడును ఆ మాట చెప్పగా నేను చూడలేదు. గుర్తుపట్టుటలోని ఆనందమే సినిమా ఇచ్చు తొలి ఆనందమని నాకు ఆనాడు దృఢముగ తోచినది.

తరువాతి మెట్టు నవ్వు. హాస్యచిత్రమును ఇంట ఒంటరిగా చూచుట నాకు సమ్మతము కాదు. నలుగురి నవ్వులో మన నవ్వు కలిసినప్పుడే దానికి నిండుదనము. ఈస్ట్‌మన్ నివసించిన ఈస్ట్ అవెన్యూలోని భవనము 1949 నుండి మ్యూజియముగా నున్నది. దానిని ఆనుకొని 1951లో తెరచిన డ్రైడెన్ థియేటరు, సులువుగా నిప్పంటుకొను స్వభావముగల పాత నైట్రేటు ఫిల్మును సైతము ప్రదర్శించుటకు తగిన భద్రతలున్న బహుకొద్ది శాలలలో నొకటి. మూగచిత్రము వేసినప్పుడు తెరప్రక్కన పియానో వాయించుట అచ్చటి ఆచారము. ఆ వీధిని తాను లెక్కలేనన్ని మారులు కారులో పోయినను ఆ గుమ్మము ఎక్కలేదని ఆయన చెప్పిరి. అచ్చట బస్టర్ కీటన్ 'ది జనరల్' ఆడుచున్న సాయంకాలమున ఆయనను తోడ్కొని పోయితిని.

1926 నాటి ఆ చిత్రము అమెరికా అంతర్యుద్ధకాలపు ఒక రైలింజను కథ. యంత్రములతో బ్రతికిన మనిషికి ఇంతకంటె తగిన నేస్తము దొరకడు. ఏలయన కీటన్ హాస్యమంతయు లెక్కకు, తూకమునకు, వేగమునకు సంబంధించినది. శత్రువులు పట్టాలమీద స్లీపరు దిమ్మలు పడవేసి పోవుదురు. కీటన్ ఇంజను దిగి ముందుకు పరుగెత్తి ఒక దిమ్మను ఎత్తుకొనునంతలో, వెనుకనుండి మెల్లగా వచ్చిన ఇంజను తన ముందరి కంచెతో అతనిని దిమ్మతో సహా ఒడిలోకి ఎత్తుకొనును. ఎదుట పట్టాల కడ్డముగా మరియొక దిమ్మ. చేతిలోనిది దించుటకు చోటు లేదు, దిగుటకు వ్యవధి లేదు. అతడు చేతిలోని దిమ్మను ఎత్తి ఎదుటి దిమ్మ కొసమీద గురిచూచి వేయును, రెండును ఎగిరి ప్రక్కకు పడును, ఇంజను సాగిపోవును. ఇంత జరిగినను అతని ముఖమున ఒక్క రేఖ కదలదు. అది నిజమైన ఇంజను, నిజమైన దిమ్మ, నిజమైన మనిషి. గురి తప్పినచో ప్రాణముమీదికి వచ్చెడిది. నవ్వుట తప్పని నేర్చుకొని పెరిగిన మా పెద్దాయన అంతవరకు పెదవులు బిగించి కూర్చుండిరి. ఆ దిమ్మ ఎగిరినంతట ఆయన నవ్విరి. శాలలోని అందరికంటె ఆలస్యముగా మొదలైన ఆ నవ్వు అందరికంటె ఆలస్యముగా ఆగినది.

అటుపిమ్మట 'సిటీ లైట్స్'. మాటలు వచ్చిన తరువాతను 1931లో చాప్లిన్ పట్టుదలతో మాటలు లేకుండ తీసిన ఆ చిత్రమునుగూర్చి తెలుగు పాఠకులకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. తుదిని, చూపు వచ్చిన పూలమ్మి తన ఉపకారిని చేతిస్పర్శచే గుర్తించు ఘట్టమును, చీకటిలో స్పర్శచే మనుష్యులను పోల్చుకొన్న ఆయనకు వివరింప నక్కరలేకపోయెను.

డి సీకా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్' చూచునప్పుడు ఆయన కన్ను నిలిచినచోటు నేను ఊహించినది కాదు. తాకట్టులోని సైకిలు విడిపించుటకై నాయకుని ఇల్లాలు పడకమీది దుప్పట్లు తీసి తాకట్టు పెట్టును. కొట్టులోని మనిషి ఆ మూటను దాచుటకు, అట్టివే మూటలు నేలనుండి పైకప్పు వరకు పేర్చిన అరలమీదికి ఎక్కుచు పోవును. ఒక్క మాట లేకుండ ఊరి దారిద్ర్యమంతయు ఆ అరలలో కనబడును. "ఎన్ని ఇళ్ల దుప్పట్లు!" అని ఆయన నిట్టూర్చిరి. నాయకుని వేషము వేసినవాడు నటుడు కాడు, కర్మాగారములోని కార్మికుడే యని చిత్రము ముగిసిన తరువాతనే చెప్పితిని. 1950లో లండనులో ఈ చిత్రమును చూచియే సత్యజిత్ రాయ్ తాను చిత్రము తీయవలెనని నిశ్చయించుకొనుటయు, అట్లు తీసిన 'పథేర్ పాంచాలి' 1955లో మా రాష్ట్రమందలి న్యూయార్కు నగరపు ఆధునిక కళా మ్యూజియములోనే తొలిసారి ప్రదర్శింపబడుటయు చెప్పగా, దానిని తామే కోరి చూచిరి. ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' నాకు ప్రాణప్రదము. అయినను భార్యను పోగొట్టుకొని వృద్ధుడొకడు ఇంట ఒంటరిగా మిగులు ఆ కథను ఆయనకు ఇంతవరకు చూపలేదు. ఎంపిక యనగా ఏది చూపవలెనో తెలియుట మాత్రమే కాదు. ఏది, ఎప్పటివరకు చూపరాదో తెలియుటయు.

ఇక 'మాయాబజార్'. దీనిని చూపెద నన్నప్పుడు ఇచ్చటి తెలుగు మిత్రులే సందేహించిరి. భారతకథ తెలియని అమెరికా వృద్ధునికి అది ఏమి అర్థమగునని వారి ఆక్షేపణ. కాని దర్శకులు కె. వి. రెడ్డిగారి మేధను ఇచ్చటనే గమనింపవలెను. 1957లో వచ్చిన ఆ చిత్రమున పాండవులు తెరమీదికే రారు. చూచువానికి తెలియవలసినది ఒక్కటే: ఇరు కుటుంబములు పిల్లల పెండ్లికి మాట ఇచ్చుకొన్నవి, ఒక పక్షము సర్వస్వము కోల్పోగా రెండవ పక్షము మాట తప్పినది. ఇది అర్థము కాని దేశము భూమిమీద ఉన్నదా?

ప్రియదర్శిని పెట్టె తెరచిన ఘట్టమున ఆయన కుర్చీ అంచునకు జరిగిరి. ఎవరికి ఏది అత్యంత ప్రియమో అది ఆ పెట్టెలో కనబడును: శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరామునికి శిష్యుడైన దుర్యోధనుడు. కృష్ణునికి శకుని కనబడినంతట ఆయన నావైపు తిరిగి, "ఇతడు మంచివాడు గదా, ఆ దుర్మార్గుడెందుకు ఇష్టం?" అని అడిగిరి. కౌరవనాశనమునకు శకునియే సాధనము కానున్నాడను మన జనశ్రుతిని చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, తల పంకించి, "అయితే ఇతడు అందరికంటే లోతైన మనిషి" అనిరి. ఎస్. వి. రంగారావుగారి ఘటోత్కచుని ముందు లడ్డూలు తమంత తామే లేచి నోటిలోనికి పోవుచుండగా పసివానివలె చప్పట్లు కొట్టిరి. అన్నిటికంటె ఆయనను ఆకర్షించినది సావిత్రి. శశిరేఖ రూపములో ఘటోత్కచుడున్నాడని చూచువానికి తెలియజేయుట యెట్లు? ఆమె నడకలో మడమ బలముగా నేలకు తగులును. చూపు ఒక్క క్షణము గర్జించి, మరుక్షణము కన్నెపిల్ల సిగ్గులోనికి ఒదిగిపోవును. పెండ్లిపీటలమీద వరుని కాలు త్రొక్కినప్పుడు ముఖము అమాయకముగనే యుండును. తెలుగు ఒక్క ముక్క తెలియని ఆయన, క్రింద వచ్చు ఇంగ్లీషు అక్షరములను చదువుట మాని ఆమె ముఖమునే చూచుచు కూర్చుండిరి.

చిత్రము ముగిసిన తరువాత ఆయన మాట్లాడినది వెలుతురును గురించి. వెన్నెలలో నావ సాగు ఘట్టమును మరల వేయించుకొని, తెలుపునకు నలుపునకు నడుమ నున్న బూడిదరంగు మెట్లను వ్రేలితో చూపుచు, "ఇన్ని ఛాయలు పట్టాలనే మేము పూత పూసేది. ఈ కెమెరా మనిషి ఎవరు?" అని అడిగిరి. మార్కస్ బార్‌ట్లే పేరు చెప్పితిని. ఆనాటికి మన దేశమున సినిమా ఫిల్ము తయారగుట లేదనియు, ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఏర్పడుటకు ముందు మద్రాసు స్టూడియోలన్నియు కొడాక్, గేవర్ట్ మొదలగు విదేశీసంస్థల ముడిఫిల్ముమీదనే ఆధారపడినవనియు చెప్పగా, ఆయన బార్‌ట్లే పేరును తన చిన్న పుస్తకములో వ్రాసికొనిరి.

ప్రవాసమందున్న తెలుగు సోదరీసోదరులకు నా మనవి యొకటి. మీ ఇంట పుట్టి పెరుగుచున్న మనుమలకు గాని, మీ పొరుగువారికి గాని తొలిచిత్రము చూపదలచినప్పుడు, లోకము మెచ్చిన పట్టికను గాక ఎదుటి మనిషిని చూచి ఎన్నుడు. కథను ముందుగా చెప్పకుడు. దీపములు ఆర్పి, ఫోన్లు వేరొక గదిలో నుంచి, నడుమ ఆపక చూపుడు. 'మాయాబజార్' చూపునెడల 2010లో రంగులద్దిన ప్రతిని విడిచి, బార్‌ట్లే వెలుతురు చెక్కుచెదరని నలుపు తెలుపుల ప్రతినే చూపుడు. అది మూడు గంటలకు పైబడిన చిత్రము. పిల్లలున్న ఇంట సాయంకాలము ఐదింటికే మొదలుపెట్టుడు.